వాంతులు, విరేచనాలు మొదలైతే మాత్ర కంటే ముందు చెంచా పట్టుకోండి

మొన్న వానల్లో విశాఖ గోపాలపట్నంలో మా అక్క వాళ్ల వీధి కుళాయికి రెండు రోజులు మట్టి నీళ్లు వచ్చాయి. మూడో రోజు రాత్రి వాళ్ల రెండేళ్ల బుడ్డోడికి వాంతులు, తెల్లారేసరికి నీళ్ల విరేచనాలు. అక్క కంగారులో గ్లాసు నిండా ఓఆర్ఎస్ పట్టించింది. వాడు దాహం మీద గటగటా తాగేసి, రెండు నిమిషాల్లో మొత్తం కక్కేశాడు. "వీడికి ఓఆర్ఎస్ పడట్లేదే" అని నాకు ఫోన్. నేను నర్సుని, ఈ మాట వార్డులో ఎన్నిసార్లు విన్నానో! పడకపోవడం కాదక్కా, పట్టే పద్ధతిలోనే ఉంది తేడా అని బండేసుకుని వెళ్లాను.

పది నిమిషాలు ఏమీ ఇవ్వకుండా ఆగాం. తర్వాత ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ రెండు నిమిషాలకో టీ చెంచా. వాడు గ్లాసు కోసం ఏడుస్తాడు, అక్క కరిగిపోయి గ్లాసు అందుకోబోతుంది, నేను చెయ్యి పట్టుకుంటాను. ఒక చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, అలా గంటకి 150 మిల్లీలీటర్లు కడుపులో నిలిచింది. మధ్యలో ఒకసారి కక్కాడు, మళ్లీ పది నిమిషాలు ఆగి మొదలుపెట్టాం. మధ్యాహ్నం పన్నెండున్నరకి పక్క తడిపాడు. ఆ తడి చూసి అక్క ఏడ్చేసింది. ఒంట్లో నీళ్లు నిలుస్తున్నాయనడానికి అంతకన్నా మంచి గుర్తు ఇంట్లో దొరకదు.

ఓఆర్ఎస్ కలపడంలో తప్పు చేయకండి. లీటరుకి రాసి ఉన్న పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్లలో, అంటే ఆ కొలత రాసి ఉన్న బాటిల్ నిండా నీళ్లలో కలపాలి. గ్లాసుకి కాస్త పొడి వేసి చూసీచూడకుండా కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకి ప్రమాదం. 200 మిల్లీలీటర్లకి చిన్న ప్యాకెట్లు వేరే ఉంటాయి. పాలు, జ్యూస్, సోడా కలపొద్దు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్లలోపు పిల్లలకి ప్రతి విరేచనానికి 50 నుంచి 100, ఆపై పదేళ్ల వరకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు, పెద్దవాళ్లకి తాగగలిగినంత. అర్ధరాత్రి ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తల కొట్టి సమంగా. షాపుల్లో అమ్మే తియ్యటి టెట్రా ప్యాకెట్లు ఓఆర్ఎస్ కాదు, పంచదార ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూసి కొనండి.

ఇంతకీ ఎందుకొస్తాయంటే, పసిపిల్లల్లో ఎక్కువగా వైరస్. రోటా వైరస్‌కి ఆరు, పది, పద్నాలుగు వారాలకి వేసే చుక్కలు మన ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది, మానకండి. బీచ్ రోడ్డులో ఏదో తిని రెండు మూడు గంటల్లోనే వాంతులు మొదలైతే అది చాలాసార్లు తిండిలో ముందే తయారైన విషం, ఒకరోజులో తగ్గిపోతుంది. బయట ఉంచేసిన అన్నం కూడా అంతే. కలుషితమైన నీళ్లతో కలరా, టైఫాయిడ్, అమీబా, ఇంకా చాలా. యాంటీబయాటిక్స్ వల్ల, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ వల్ల కూడా విరేచనాలు అవుతాయి.

ఇక మందులు. అందరూ అడిగేది ఇదే, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. పిల్లలకి జింక్ తప్పకుండా వేయండి: ఆరు నెలలు దాటితే రోజుకి 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల మధ్య 10, వరసగా 14 రోజులు. మాత్రని చెంచాడు నీళ్లలోనో తల్లిపాలలోనో కరిగించి పట్టండి. వాంతులకి డాక్టరు ఆన్‌డాన్సెట్రాన్ రాస్తే అది ఓఆర్ఎస్ నిలవడం కోసం. వాంతులకే వాడే మెటోక్లోప్రమైడ్ మాత్రం సొంతంగా ఇవ్వొద్దు, కొందరు పిల్లలకి మెడ, కళ్లు ఒక పక్కకి తిరిగిపోతాయి, నేను చూశాను.

విరేచనాలు టక్కున ఆపే లోపెరమైడ్ పిల్లలకి అసలు వద్దు. పేగు కదలిక ఆగిపోయి కడుపు ఉబ్బుతుంది. పెద్దవాళ్లయినా జ్వరమో, మలంలో రక్తమో ఉంటే వేసుకోకూడదు. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయలేదు. మెడికల్ షాపులో "రెండు మందులు కలిసిన మాత్ర" అని ఇచ్చేస్తుంటారు, తీసుకోకండి. రక్త విరేచనాలకి అజిత్రోమైసిన్ లాంటివి, అమీబాకి మెట్రోనిడజోల్, కలరాకి డాక్సీసైక్లిన్, ఏది ఎవరికన్నది డాక్టరే చెప్పాలి. షుగర్, బీపీ, గుండె, కిడ్నీ మందులు వాడే పెద్దవాళ్లు ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేసి ఏవి ఆపాలో అడగండి, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు వాటిలో కొన్ని కిడ్నీకి చేటు.

కడుపు మాడ్చకండి. తల్లిపాలు ఆపొద్దు. గంజి, పెరుగన్నం, అరటిపండు, పల్చటి చోడి (రాగి) అంబలి, వాంతి తగ్గగానే కొంచెం కొంచెంగా పెట్టండి.

పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలి చూడండి. వెంటనే సర్దుకోవాలి, మెల్లగా ముడత విప్పుకుంటే నీళ్లు బాగా తగ్గినట్టే. కళ్లు గుంటలు పడినా, పసివాడి మాడు లోపలికి దిగినా, ఏడుస్తుంటే కన్నీళ్లు రాకపోయినా, ఆరేడు గంటలుగా ఒంటేలు లేకపోయినా, మగతగా పడి ఉన్నా, తాగలేకపోయినా, పచ్చటి వాంతి అయినా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో ఉండొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా విశాఖలో అయితే కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్లండి. దారిలో కూడా ఆ చెంచా ఆపకండి.

మా బుడ్డోడు మూడో రోజుకి లేచి పరుగులు పెట్టాడు. తగ్గిపోయిందిగా అని అక్క జింక్ మానేయబోతే, క్యాలెండర్‌లో పద్నాలుగు గళ్లు గీసి వంటింట్లో అంటించి వచ్చాను, మాత్ర వేసిన రోజుకి ఒక టిక్కు.