‘మెస్ అప్’ అనే మాటను ఎలా వాడాలి?

నెల్లూరులో మెస్ అంటే భోజనం. అరిటాకు, వేడన్నం, చేపల పులుసు. అందుకే హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి వెళ్లిన మా తమ్ముడు ‘ఐ మెస్ట్ అప్ అన్నా’ అని మెసేజ్ పెడితే, చదివి వినిపించగానే మా పిన్ని ‘ఈ రాత్రప్పుడు ఏ మెస్సుకు పోయినాడబ్బా?’ అనింది. వాడు తిన్నదేమీ లేదు, ఇంటర్వ్యూ చెడగొట్టుకున్నాడు.

పిన్నిది మరీ తప్పేం కాదు. రెండూ ఒకే మాట. పాత ఫ్రెంచిలో అది వడ్డించిన తిండి. ఇంగ్లీషులోకి వచ్చాక ఒక పక్క కలిసి భోంచేసే గుంపు అయింది, ఇంకో పక్క కలగాపులగం అయింది.

ముందు అర్థం తేల్చుకోండి. మైపాడు బీచ్‌లో గాలికి జుట్టంతా చెదిరిపోతే ‘ద విండ్ మెస్ట్ అప్ మై హెయిర్’. ఇది చిందరవందర చేయడం. పులుసులో ఉప్పు రెండుసార్లు పడితే ‘ఐ మెస్ట్ అప్ ద కర్రీ’. ఇది చెడగొట్టడం. మనమైతే ‘పులుసు చెడింది’, ‘ఇంటర్వ్యూ పోయింది’ అంటాం, ఎవరూ ఏమీ చేయనట్టు! ‘ఐ మెస్ట్ అప్’ అంటే అలా తప్పించుకోవడం కుదరదు. చేసింది నేనే అని ఒప్పుకున్నట్టే. స్నేహితుడికి సారీ చెప్పడానికి ఈ పొట్టి మాట చాలు.

తర్వాత పలకడం. రాసేటప్పుడు చివర ‘ఈడీ’ ఉంటుంది కదా అని ‘మెస్సెడ్’ అనకండి. ‘మెస్ట్’ అనాలి. అప్‌తో కలిపితే ‘మెస్టప్’ అని వినపడుతుంది.

ఎక్కువమంది జారేది ‘ఇట్’ దగ్గర. ‘మెస్ అప్ ద ప్లాన్’, ‘మెస్ ద ప్లాన్ అప్’ రెండూ సరే. ‘ఇట్’ వస్తే మాత్రం మధ్యలోనే కూర్చోవాలి: ‘డోంట్ మెస్ ఇట్ అప్’. ‘మెస్ అప్ ఇట్’ అనరు.

ఆఫీసు లెటర్లలో, అర్జీల్లో ఇది వద్దు. అక్కడ ‘ఐ మేడ్ ఎ మిస్టేక్’ చాలు. మనిషిని పట్టుకుని ‘మెస్ట్ అప్’ అంటే మనసు చెదిరినవాడని అర్థం, నోరు జారకండి. ‘మెస్ విత్’ వేరే సంగతి: ‘డోంట్ మెస్ విత్ హిమ్’ అంటే వాడి జోలికి పోవద్దని.

ఇదంతా పిన్నికి విడమరిచి చెప్పాను. మొన్న పులుసులో ఉప్పెక్కువైతే, ‘ఈ ఉప్పే మంచిది కాదబ్బా’ అనింది.