అమెరికాలో షట్‌డౌన్ రాకముందే హెచ్1బీకి కావాల్సిన ఎల్‌సీఏ చేతికి తెచ్చుకోండి

అమెరికా ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. ఏ ఖర్చు కోయాలి, ఏది ఉంచాలి అని రెండు పార్టీలూ పట్టు వదలకపోతే సెప్టెంబర్ 30 అర్ధరాత్రితో నిధులు ఆగి చాలా ప్రభుత్వ ఆఫీసులు మూతపడతాయి. దీన్నే షట్‌డౌన్ అంటారు. 2011 ఏప్రిల్‌లో తాత్కాలిక నిధుల గడువు తీరబోతుంటే దాదాపు 3,850 కోట్ల డాలర్ల కోతకు ఒప్పుకుని చివరి గంటలో గట్టెక్కారు. 2013లో 16 రోజులు, 2018-19లో 35 రోజులు, 2025లో 43 రోజులు మూతపడింది. ఎవరు ముందు తగ్గుతారో టీవీలో చూస్తూ కూర్చుంటే మన పని జరగదు.

‘హెచ్1బీ ఆగిపోయింది’ అని వాట్సాప్‌లో తిరిగేది సగమే నిజం. ఈ ఉద్యోగ వీసా పిటిషన్లు చూసే వలసల సంస్థ యూఎస్‌సీఐఎస్ ఫీజుల డబ్బుతో నడుస్తుంది కాబట్టి తెరిచే ఉంటుంది. పిటిషన్‌తో పెట్టాల్సిన ఎల్‌సీఏ (జీతం, పని షరతులపై కంపెనీ రాసిచ్చే హామీ పత్రం) ఆమోదించేది మాత్రం కార్మిక శాఖ. 2025 అక్టోబర్ 1న దాని ఆన్‌లైన్ దరఖాస్తుల పోర్టల్ ‘ఫ్లాగ్’ ఆగి, మళ్లీ 31న గానీ తెరుచుకోలేదు. గ్రీన్‌కార్డుకు మొదటి మెట్టైన పెర్మ్ ఫైలింగ్‌లూ అంతే. 2018-19లో ఆ శాఖ బడ్జెట్ ముందే పాసైంది కాబట్టి ఈ ఇబ్బంది రాలేదు. అందుకే షట్‌డౌన్ వార్త వినగానే ముందు కార్మిక శాఖ బడ్జెట్ పాసైందో లేదో చూడండి.

ఎల్‌సీఏకి ఏడు పనిదినాలు పడుతుంది. ఉద్యోగం మారుతున్నవాళ్లూ, ఎక్స్‌టెన్షన్ దగ్గరపడినవాళ్లూ సెప్టెంబర్ 15 దాటనివ్వకండి. గడువుకు ఆరు నెలల ముందే ఫైల్ చేయొచ్చు కదా, లాయర్ ‘ఇంకా టైముంది’ అంటే ఒప్పుకోవద్దు. చిన్న కన్సల్టెన్సీ మొదటిసారి ఫైల్ చేస్తుంటే దాని ట్యాక్స్ నంబర్ సరిచూడటానికి ఇంకొన్ని రోజులు పోతాయి.

అందరికంటే ఇరుక్కునేది లేఆఫ్ అయినవాళ్లు. కొత్త ఉద్యోగం చూసుకోవడానికి చేతిలో గరిష్ఠంగా 60 రోజులు, అందులో నెల పోర్టల్ మూతలోనే పోతే? కొత్త ఆఫర్ వచ్చిన రోజే ఎల్‌సీఏ పెట్టించండి. షట్‌డౌన్ వల్లే పిటిషన్ ఆలస్యమైందని రుజువు చూపితే మన్నిస్తామని 2025లో యూఎస్‌సీఐఎస్ చెప్పింది. అది వాళ్ల విచక్షణ, హక్కు కాదు. పోర్టల్ పనిచేయని రోజుల స్క్రీన్‌షాట్లు, లాయర్ ఈమెయిళ్లు దాచుకోండి.

ఫెడరల్ ప్రాజెక్టుల మీద పనిచేసేవాళ్లకు బాధ వేరు. ప్రభుత్వ ఉద్యోగులకు ఆగిన జీతం తర్వాత ఇవ్వాలని 2019లో చట్టం వచ్చింది. కాంట్రాక్టర్లకు ఆ భరోసా లేదు. వర్జీనియా, మేరీలాండ్ వైపు మనవాళ్లు రెండు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోవడం మంచిది. హెచ్1బీ మీద ఉండి ప్రాజెక్టు ఆగితే, బెంచ్ మీద (పని లేకుండా) ఉన్నా జీతం ఇవ్వాల్సింది కంపెనీయే. ‘ప్రస్తుతానికి అన్‌పెయిడ్ లీవ్ అని రాసివ్వు’ అంటే సంతకం పెట్టకండి.

స్టెమ్ ఓపీటీ (సైన్స్, టెక్ చదువులు ముగించినవాళ్లకిచ్చే అదనపు పని అనుమతి) మీద ఉన్న పిల్లలకు ఒక మాట. ఉద్యోగి పని అర్హతను కంపెనీ సరిచూసుకునే ప్రభుత్వ సైట్ ఇ-వెరిఫై కొన్నాళ్లు పనిచేయకపోయినా, ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఐ-9 ఫారం మాత్రం ఎప్పటిలాగే టైముకి పూర్తి చేయాలి. ‘సైట్ వచ్చాక చేద్దాం’ అని హెచ్‌ఆర్ అంటే గుర్తు చేయండి.

మోటెల్, గ్యాస్ స్టేషన్ కొనడానికి ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాలకు సాయపడే ప్రభుత్వ సంస్థ) లోన్ పెట్టినవాళ్లు సెప్టెంబర్‌లోనే అప్రూవల్ వచ్చేలా బ్యాంకును తొందరపెట్టాలి. షట్‌డౌన్ వస్తే కొత్త లోన్లు ఆగిపోతాయి. హ్యూస్టన్ లాంటి చోట వరద ముప్పున్న ఇల్లు కొంటుంటే ప్రభుత్వ వరద బీమా కొత్త పాలసీల పరిస్థితీ కనుక్కోండి. 2025లో ఆ బీమా పథకం గడువు కూడా సెప్టెంబర్ 30 రాత్రే తీరింది.

అమ్మానాన్నలు ఆ రోజుల్లో వస్తుంటే హైదరాబాద్ కాన్సులేట్ గురించి పెద్దగా భయం వద్దు, వీసాలూ ఫీజుల మీదే నడుస్తాయి. చిక్కంతా అమెరికాలో దిగాక ఎక్కే రెండో విమానంతో. జీతాల్లేక డ్యూటీకి వచ్చే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు తగ్గి, 2025 నవంబర్‌లో 40 పెద్ద విమానాశ్రయాల్లో దేశీయ సర్వీసులకు కోత పెట్టారు. వీలైతే మీ ఊరికి కారులో వెళ్లగలిగే విమానాశ్రయానికే టికెట్ తీయండి. లేదంటే మధ్యలో కనీసం నాలుగైదు గంటలు ఉంచి, రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉండేలా చూడండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోది పోతుంది. బీపీ, షుగర్ మందులు చేతి సంచిలోనే పెట్టించండి.