రాత్రిపూట చెయ్యి తిమ్మిరెక్కేవారికి మణికట్టు స్కాన్ నేను ఎలా చేస్తానంటే

గుంటూరులో మా స్కానింగ్ గదికి మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు చాలామంది వస్తారు. "అర్ధరాత్రి మెలకువొస్తుంది డాక్టరమ్మా, చెయ్యి విదిలిస్తేగానీ తగ్గదు" అంటారు. ఏళ్ల తరబడి నొప్పి బిళ్లలు మింగి ఉంటారు. సంచిలో మెడ ఎక్స్‌రేలు ఉంటాయి గానీ, మణికట్టులో నరాన్ని ఎవరూ చూసి ఉండరు. మణికట్టులో మీడియన్ అనే నరం నొక్కుకుపోయే ఈ జబ్బును కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. దానికోసం చేసే అల్ట్రాసౌండ్ స్కాన్ కొత్తగా నేర్చుకుంటున్న డాక్టర్ల కోసం నా పద్ధతి రాస్తున్నాను.

ప్రోబ్ (చర్మం మీద ఆనించే స్కాన్ పరికరం) పట్టుకునే ముందు, ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయో ఆమెనే చూపించమనండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అంటే మీడియన్ నరం మీద అనుమానం. చిటికెనవేలు అంటే మోచేతి దగ్గర అల్నార్ నరం కూడా చూడాలి. తిమ్మిరి లేకుండా, బొటనవేలి మొదట్లో మణికట్టు పక్కన ముట్టుకుంటేనే విలవిల్లాడితే అక్కడి టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) తొడుగు వాచిందేమో చూడండి.

అరచెయ్యి పైకి పెట్టించి, మణికట్టు కింద మడిచిన తువ్వాలు ఉంచండి. వేళ్లు వదులుగా ఉండాలి. లీనియర్ ప్రోబ్, 12 మెగాహెర్ట్జ్ లేదా అంతకన్నా ఎక్కువ, లోతు రెండు మూడు సెంటీమీటర్లు చాలు. జెల్లీ ధారాళంగా వేయండి. ప్రోబ్ బరువు చర్మం మీద పడకూడదు, నొక్కితే నరం చదునైపోతుంది.

మణికట్టు ముడత మీద ప్రోబ్‌ను అడ్డంగా పెడితే నరం తేనెపట్టులా కనిపిస్తుంది. పక్కనే టెండన్లు ఉంటాయి కాబట్టి మొదట్లో అందరూ తికమకపడతారు. ప్రోబ్‌ను కొంచెం వంచండి: టెండన్లు నల్లబడతాయి, నరం అంతగా మారదు. అప్పటికీ అనుమానముంటే మోచేతి వైపు జరుపుతూ వెళ్లండి. ముంజేతిలో నరం రెండు వరుసల కండరాల మధ్యలోకి దిగుతుంది, టెండన్లు కండరంలో కలిసిపోతాయి.

కొలతే అసలు పని. చిటికెనవేలి వైపు మణికట్టు ముడత దగ్గర బఠాణీ గింజంత ఎముక చేతికి తగులుతుంది, దాని పేరు పిసిఫార్మ్. ఆ స్థాయిలో నరం చుట్టూ ఉన్న తెల్లటి అంచుకు లోపలగా గీత గీయండి. ఆ గీత లోపలి వైశాల్యాన్ని మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి. సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే నరం ఉబ్బిందని అనుమానించాలి. ముంజేతిలో కూడా కొలవండి, రెండింటికీ 2 చదరపు మిల్లీమీటర్లో అంతకు మించో తేడా ఉంటే అనుమానం బలపడుతుంది. కొందరికి నరం రెండు పాయలుగా ఉంటుంది, అప్పుడు రెండూ కలపాలి. మధ్యలో రక్తనాళం ఉందేమో రక్తప్రవాహం చూపే డాప్లర్‌తో చూసి రిపోర్టులో తప్పక రాయండి. రేపు ఇంజెక్షన్ ఇచ్చేవారికీ, ఆపరేషన్ చేసేవారికీ అది తెలియాలి.

ఒకామెకు కొలిస్తే నాకు 9 చదరపు మిల్లీమీటర్లు వచ్చింది. "నార్మల్" అని ఒక్క ముక్క రాసి పంపాను. కొన్ని నెలల తర్వాత, నరంలో కరెంటు సంకేతం ఎలా పోతుందో చూసే నరాల కండక్షన్ పరీక్షలో జబ్బు బయటపడింది. ఆమె అన్నాళ్లు నిద్రలేక బాధపడింది నా ఒక్క మాట వల్లనే, అది నేను మరచిపోలేను. ఇప్పుడు ప్రతి రిపోర్టులో కొలతలు రాస్తాను. లక్షణాలు గట్టిగా ఉంటే స్కాన్ బాగున్నా కండక్షన్ పరీక్ష, షుగర్, థైరాయిడ్ చూడాలని కింద చేర్చుతాను.

రెండో చెయ్యి బాగానే ఉందన్నా వదలకండి. ఈ జబ్బు చాలామందిలో రెండు చేతులకూ ఉంటుంది, ఎక్కువ నొప్పి ఉన్నదాని గురించే వాళ్లు చెబుతారు.