పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు ఒత్తిడి తగ్గించే గ్రూప్ ఎలా నడపాలి?

పార్కిన్సన్స్ అంటే చేతులు వణికి, ఒళ్లు బిగుసుకుని, కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు. పదకొండేళ్లుగా ఈ గ్రూపులు నడుపుతున్నాను. కొత్తగా మొదలుపెట్టిన కౌన్సెలర్లు ఒకసారి వచ్చి చూడమంటే వెళ్తుంటాను. దాదాపు ప్రతిచోటా ఒకే తప్పు కనిపిస్తుంది. దాని గురించే వివరంగా రాస్తాను, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఏర్పాట్లు. ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. చేతులున్న గట్టి కుర్చీలు వేయండి. సోఫాలో కూరుకుపోతే లేవడం కష్టం. బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి. గుమ్మం దగ్గర డోర్‌మ్యాట్ తీసేయండి, అసలే చాలామందికి గుమ్మం దాటేటప్పుడే కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. టీ అరకప్పే పోయండి. వారానికోసారి, గంటన్నర చొప్పున, ఎనిమిది వారాలు.

సమయం. హాలు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో కాదు, మాత్ర ఎప్పుడు పనిచేస్తుందో చూసి పెట్టాలి. ఈ జబ్బుకి వాడే ముఖ్యమైన మందు లెవోడోపా. అది వేసుకున్నాక మామూలుగా అరగంట నుంచి గంటలో ఒళ్లు తేలికపడుతుంది, తర్వాత కొన్ని గంటలకు మందు ప్రభావం దిగిపోతుంది. అందరి మాత్రల వేళలూ ముందే రాసుకోండి. నా గ్రూపుకి ఉదయం పదకొండు గంటలు. సాయంత్రం ఐదుకి పెట్టేవాళ్లను చూశాను, సగం మంది బిగుసుకుపోయి కూర్చుంటారు.

ఇంట్లోవాళ్లు గదిలో ఉండకూడదు. భార్య పక్కన ఉంటే ప్రశ్న ఆయనకు, జవాబు ఆవిడది అవుతుంది. ప్రేమతోనే చెబుతారు, కానీ ఆ మనిషి నోరు విప్పడం మానేస్తాడు. వాళ్లకూ ఒత్తిడి ఉంటుంది. వాళ్లని వేరే గదిలో, వేరే గ్రూపుగా కూర్చోబెట్టండి.

మొదటి రోజు ఒత్తిడికీ వణుకుకీ ఉన్న సంబంధం చెప్పండి. నూరులోంచి ఏడు చొప్పున తీసేస్తూ లెక్కపెట్టమని న్యూరాలజిస్టు అడిగితే ఒళ్లో పెట్టుకున్న చేయి వణకడం చాలామంది గమనించే ఉంటారు. మనసు మీద భారం పడితే వణుకు పైకొస్తుంది కాబట్టే డాక్టరు అలా అడుగుతారు. వణుకు చూసి టెన్షన్, టెన్షన్ వల్ల ఇంకా వణుకు. ఈ చక్రాన్ని బోర్డు మీద గీయండి. పది నిమిషాలు సరిపోతుంది. గంటసేపు ఉపన్యాసం ఇప్పించి దాన్నే గ్రూప్ థెరపీ అనేవాళ్లున్నారు. అది సభ. పక్క కుర్చీలో మనిషి "నాకూ అంతేనండీ" అన్నప్పుడు కలిగే ఊరట ఏ ఉపన్యాసంలోనూ రాదు. నేను విడిగా చెప్పినా రాదు.

మాట్లాడే వంతు. ఇక్కడే చెడగొడతారు.

"ఈ వారం మీకు బాగా టెన్షన్ వచ్చిన సందర్భం ఏది?" అని అడుగుతారు. ఆయన ముఖంలో ఏ కదలికా ఉండదు. మూడు సెకన్లు చూసి, "పర్లేదు, తర్వాత చెబుదురుగాని" అంటూ పక్కవాళ్ల దగ్గరకు వెళ్లిపోతారు. అంతే, ఆ మనిషి ఇక ఆ రోజు మాట్లాడడు.

ఈ జబ్బులో ముఖ కండరాలు బిగుస్తాయి, గొంతు తగ్గుతుంది, కొందరికి ఆలోచన మాటగా మారడానికి ఎక్కువ సమయం పడుతుంది. లోపల మనసు మాత్రం ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి ముఖం చూసి మనసు అంచనా వేయకండి. నా గ్రూపులో ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారు మూడు వారాలు కదలకుండా కూర్చున్నారు. నాతో పనిచేసే అమ్మాయి ఆయన పేరు పక్కన "ఆసక్తి లేదు" అని రాసింది. నాలుగో వారం ఆయన చాలా మెల్లగా చెప్పారు: "మా మనవరాలు నన్ను చూసి, తాతయ్యా నామీద కోపమా అని అడిగింది." ఆయన ఒత్తిడి అదే. మేమూ ఆ పిల్లలాగే ఆయన ముఖాన్ని తప్పుగా చదివాం.

అందుకే ప్రశ్నను ముందే బోర్డు మీద రాయండి. ఎవరి తర్వాత ఎవరో చెప్పండి. హఠాత్తుగా అడిగితే ఆ నూరులోంచి ఏడు లెక్క పెట్టినట్టే అవుతుంది. అడిగాక మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. ఇరవై అంటే ఇరవయ్యే, పన్నెండు దగ్గర జాలిపడకండి. మాట మధ్యలో ఆగితే అందివ్వకండి. వణికే చేతిని చూడకండి. వినబడకపోతే "గట్టిగా" అని అరవకండి, ఆయన గొంతు ఆయనకు మామూలుగానే వినిపిస్తుంటుంది. చిన్న మైకు పెట్టండి.

చెప్పింది విన్నాక వెంటనే సలహా ఇవ్వొద్దు. "పాజిటివ్‌గా ఆలోచించండి" అన్న మాట నా గదిలో నిషేధం. ముందు "అప్పుడు టైమెంత? మాత్ర ఎప్పుడు వేసుకున్నారు?" అని అడగండి. మందు దిగిపోయే వేళకి రోజూ గుండెదడ, భయం వస్తుంటే అది ఆలోచనల వల్ల కాకపోవచ్చు. ఆ వేళలు చీటీ మీద రాసి న్యూరాలజిస్టుకి చూపించమనండి.

మందుతో సంబంధం లేదనుకుంటే అప్పుడు ఆలోచన దగ్గరకు వెళ్లండి. ఉదాహరణకు పెళ్లి భోజనం: రసం ఒలికింది, అందరూ నన్నే చూశారు, ఇక ఏ పెళ్లికీ వెళ్లను. "అందరూ అంటే ఎంతమంది?" అని గ్రూపునే అడగనివ్వండి. తర్వాత ఒక చిన్న ప్రయత్నం ఒప్పించండి. పంక్తిలో కూర్చోగానే పక్కవాళ్లతో "నాకు పార్కిన్సన్స్, చేయి వణుకుతుంది" అని ఒక్క వాక్యం చెప్పడం. చేతిని జేబులో దాచడానికి పడే అవస్థ అక్కడితో తగ్గుతుంది. ఏమైందో వచ్చే వారం చెప్పాలి.

చివర ఐదు నిమిషాలు శ్వాస. కళ్లు తెరిచే, ఊపిరి నెమ్మదిగా వదలడం. కండరాలు బిగించి వదిలే పద్ధతి నేను వాడను, అసలే బిగుసుకున్న కాళ్లు పట్టేయొచ్చు. అరగంట పడుకోబెట్టి చేయించే రిలాక్సేషన్‌లో చాలామంది నిద్రపోతారు. జబ్బుకీ మందులకీ పగటి మత్తు ఉంటుంది.

కొన్ని విషయాలు గ్రూపులో విప్పకండి. చనిపోవాలనిపిస్తోందన్నా, లేని మనుషులు కనిపిస్తున్నారన్నా అదే రోజు పక్కకు పిలిచి మాట్లాడి డాక్టరు దగ్గరకు పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 అందరికీ రాసివ్వండి. ఉన్నట్టుండి రమ్మీ, షాపింగ్ పిచ్చి పట్టుకుంటే తిట్టొద్దు, ఈ జబ్బుకే వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులతో అలా జరగొచ్చు. మందు మాత్రం సొంతంగా ఆపకూడదు, డాక్టరుకి చెప్పాలి.

ముగిశాక అందర్నీ ఒకేసారి లేపకండి. లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరిగేవాళ్లుంటారు. కుర్చీ అంచుకి జరిగి, పాదాలు ఆనించి, లేచాక ఒక నిమిషం అక్కడే నిలబడాలి. గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోతే చేయి పట్టి లాగకండి. పక్కన నిలబడి "ఒకటి, రెండు" అని లెక్కపెట్టండి, అడుగు పడుతుంది.