పులిపిరి మీద యాసిడ్ రాసే తీరు

మందు కొనే ముందు అది పులిపిరేనా కాదా తేల్చుకోవాలి. అరికాల్లో ఉన్నదాన్ని ఆనె అనుకుని ఏడాదిపాటు కుంటుకుంటూ నడిచేవాళ్లు ఉంటారు. కాలు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పైన గట్టిపడ్డ పొరను కాస్త అరగదీసి, మంచి వెలుతురులో చూడండి. సూదిమొనంత నల్లని చుక్కలు కనిపిస్తే దాదాపు పులిపిరే. వాటిని వేర్లనుకుని పిన్నీసుతో పీకబోతారు. అవి వేర్లు కావు, పులిపిరిలోకి పెరిగిన సన్నటి రక్తనాళాల్లో గడ్డకట్టిన రక్తం. పీకితే రక్తం కారడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఇంకో గుర్తు చర్మం మీది గీతలు. ఆనె మీదుగా అవి సాగిపోతాయి, పులిపిరి దగ్గరికొచ్చి ఆగి పక్కకు తప్పుకుంటాయి. ఆనెను పైనుంచి నొక్కితే నొప్పి పుడుతుంది, పులిపిరిని రెండు పక్కల నుంచి పట్టి నొక్కితే పుడుతుంది.

కారణం హ్యూమన్ పాపిల్లోమా వైరస్, పొట్టిగా హెచ్‌పీవీ. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. చేతుల మీద గరుకు పులిపిర్లకు ఎక్కువగా 2, 4, 27, 57 రకాలు, అరికాలివాటికి 1వ రకం కూడా, చదునైనవాటికి 3, 10 రకాలు కారణం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే 16, 18 రకాలు వేరు కాబట్టి వేలి మీద పులిపిరి చూసుకుని ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. వైరస్ కంటికి ఆనని గీరుడు గుండా దూరి చర్మం పైపొర అట్టడుగున చేరుతుంది. రక్తంలోకి వెళ్లదు, అందుకే ఒంట్లో రోగనిరోధక శక్తి దాన్ని నెలల తరబడి పసిగట్టదు. సోకాక పులిపిరి బయటపడటానికే తరచూ 1 నుంచి 6 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

మనం రాసే మందేదీ వైరస్‌ను నేరుగా చంపదు. సోకిన చర్మాన్ని పొరలుపొరలుగా తీసేస్తూ, ఆ రేపుడుతో రోగనిరోధక శక్తిని అటువైపు తిప్పడమే ఈ వైద్యం. పిల్లల్లో మూడింట రెండు వంతుల పులిపిర్లు రెండేళ్లలో వాటంతటవే పోతాయి. నొప్పి లేకపోతే వదిలేయడం కూడా సరైన నిర్ణయమే.

తీయాలనుకుంటే చేతులకు 17 శాతం సాలిసిలిక్ యాసిడ్ ద్రావణం, అరికాలి మందపాటి చర్మానికి 40 శాతం ప్లాస్టర్ వాడతారు. వీటితోపాటు గోళ్లు అరగదీసుకునే అట్ట పట్టీలు, వాజలిన్, టేపు దగ్గరుంచుకోండి.

రాత్రి పడుకోబోయే ముందు పులిపిరిని 5 నుంచి 10 నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నాననిచ్చి తుడవండి. తెల్లగా ఉబ్బిన పొరను పట్టీతో అరగదీయండి. గులాబీ రంగు తేలినా, చురుక్కుమన్నా ఆపేయాలి. రక్తం చెమర్చిందంటే లోతుకు వెళ్లారు, ఆ రాత్రి మందు మానేయండి. ఆ పట్టీని గోళ్లకు వాడితే గోటి అంచున కొత్త పులిపిర్లు మొలవొచ్చు. చుట్టూ మంచి చర్మానికి వాజలిన్ రాసి, పులిపిరి మీద మాత్రం పుల్ల కొనతో ఒక చుక్క పెట్టండి. ఆరాక ఇంకో చుక్క పెట్టి, టేపు అంటించి, చేతులు కడుక్కోండి. ఈ ద్రావణాలు చాలావరకు మంటకు అంటుకునేవే, పొయ్యి దగ్గర మూత తీయొద్దు. ప్లాస్టరైతే సరిగ్గా పులిపిరంతే కత్తిరించి అంటించాలి, సాధారణంగా 48 గంటలకోసారి మార్చాలి.

కొన్ని రోజులకు పులిపిరి చాలాసేపు నీళ్లలో నానిన వేలికొసలా తెల్లబడి, పొరలు ఊడటం మొదలవుతుంది. ఎక్కువమంది ఓడిపోయేది ఆ తర్వాతే. మూడో వారానికల్లా పైకి చదునుగా కనిపిస్తుంది, పోయిందనుకుని మందు ఆపేస్తారు, నెల తిరిగేసరికి మళ్లీ అక్కడే లేస్తుంది. పక్కకు తప్పుకున్న చర్మం గీతలు దాని మీదుగా మళ్లీ సాగేదాకా ఆపొద్దు. 12 వారాల దాకా పట్టొచ్చు. రెండో తప్పు అరగదీయకుండా రోజూ మందు మీద మందు రాయడం. పాత పొర అట్టకట్టి యాసిడ్ కిందికి దిగదు, సీసా ఖాళీ అవుతుంది కానీ పులిపిరి కదలదు. చర్మం ఎర్రగా పుండుబడితే మానేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టండి. గడ్డంలో చదును పులిపిర్లుంటే బ్లేడు పక్కన పెట్టాల్సిందే, అది సాగిన దారంతా వరసగా కొత్తవి లేవొచ్చు.

షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు, పాదాలు తిమ్మిరెక్కేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఈ యాసిడ్ ముట్టుకోకూడదు. ముఖం మీద, పుట్టుమచ్చల మీద, జననాంగాల దగ్గర అసలు రాయొద్దు. గోరు పక్కన ఒక్కటే మొండిగా ఉండిపోయి రక్తం కారుతుంటే చర్మ క్యాన్సర్ కూడా అలా కనిపించవచ్చు, డాక్టర్‌కు చూపించాలి. మూడు నెలలకీ లొంగనివాటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారు. బొబ్బ లేవడం మామూలే. రెండు మూడు వారాల ఎడంతో చాలాసార్లు వెళ్లాల్సి రావచ్చు, చామనఛాయ చర్మం మీద తెల్లమచ్చ మిగలొచ్చు.

జననాంగాల మీద వచ్చేవి ఎక్కువగా 6, 11 రకాలవి, వాటి మందులు వేరు. 0.5 శాతం పోడోఫిలోటాక్సిన్ అనే పూత మందును రోజుకు రెండుసార్లు చొప్పున 3 రోజులు రాసి 4 రోజులు ఆపుతారు, ఇలా నాలుగు విడతల దాకా సాగుతుంది. గర్భిణులకు ఇది నిషిద్ధం. హెచ్‌పీవీ టీకా తన పరిధిలోని రకాల్లో ఇంకా సోకనివాటి నుంచి కాపాడుతుంది, ఉన్న పులిపిర్లను మాత్రం పోగొట్టదు. జననాంగాల పులిపిర్లతో పుట్టే అసలు బాధ దురద కాదు, భార్యాభర్తల మధ్య అనుమానం. వైరస్ నెలలు, ఒక్కోసారి ఏళ్లు చప్పుడు లేకుండా ఉండగలదు. అది ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో పులిపిరిని చూసి ఏ డాక్టరూ చెప్పలేరు.