21 గేర్ల మౌంటెన్ బైక్‌ను దశలవారీగా 9 స్పీడ్‌కు మార్చుకోవడం

మన విజయనగరం, శ్రీకాకుళం వైపు మౌంటెన్ బైక్ పేరుతో తరచుగా కనిపించేవి 21 గేర్ల సైకిళ్లు. వాటికి ముందు మూడు చైన్‌రింగులు, వెనక ఏడు పళ్లచక్రాల ఫ్రీవీల్ (అందుకే 7 స్పీడ్ అంటారు), షిమానో కంపెనీ టోర్నీ తరగతి డెరైలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే భాగం) ఉంటాయి. రామతీర్థానికో కళింగపట్నం తీరానికో వెళ్లి రావడానికి అవి చాలు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక మాత్రం వెనక ఉన్న 28 పళ్ల పెద్ద చక్రం సరిపోదు. అలాగని గేర్ల సామాను మొత్తం ఒకేసారి మార్చడం ఖరీదైన పని కనుక, చాలామంది ఒక్కొక్క భాగాన్ని వేర్వేరుగా కొని బిగించుకుంటారు. అందులో తప్పేమీ లేదు గానీ, వరుస తప్పితే కొన్న భాగం అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. నేను పాటించే నియమం ఒక్కటే: కొత్తగా కొనే ప్రతి భాగమూ ఇప్పుడున్న సామానుతోనూ, రేపు రాబోయే సామానుతోనూ పనిచేయాలి. అలా రెండువైపులా పనిచేయని భాగాలను మాత్రమే కలిపి ఒకేసారి కొనాలి.

ఏది దేనితో కలుస్తుందో తేల్చేది పెట్టె మీది పేరు కాదు, కేబుల్ లెక్క. షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేరు మీట) ఒక్కసారి టక్కుమన్నప్పుడు కొంత కేబుల్‌ను లాగుతుంది. ఆ లాగుడును డెరైలర్ ఒక నిష్పత్తిలో పెంచి చైన్‌ను పక్కకు జరుపుతుంది. షిమానో 7, 8, 9 స్పీడ్ డెరైలర్లు అన్నింటిలోనూ ఈ నిష్పత్తి దాదాపు 1.7. ఏడు స్పీడ్ షిఫ్టర్ ఒక్కో అడుగుకు సుమారు 2.9 మిల్లీమీటర్ల కేబుల్ లాగితే చైన్ 5 మిల్లీమీటర్లు జరుగుతుంది, ఏడు స్పీడ్ చక్రాల మధ్య దూరం కూడా అంతే. తొమ్మిది స్పీడ్ షిఫ్టర్ సుమారు 2.5 మిల్లీమీటర్లే లాగుతుంది. అదే డెరైలర్ అప్పుడు 4.3 మిల్లీమీటర్ల చొప్పున జరుగుతుంది, అది తొమ్మిది స్పీడ్ క్యాసెట్‌కు, అంటే హబ్ మీదికి తొడిగే పళ్లచక్రాల కట్టకు, సరిపోతుంది. అంటే ఎన్ని గేర్లన్నది షిఫ్టరూ క్యాసెటూ నిర్ణయిస్తాయి తప్ప డెరైలర్ కాదు. అందువల్లనే షిమానో వారి 9 స్పీడ్ అలివియో లేదా ఆల్టస్ డెరైలర్‌ను ఈరోజు కొని, పాత ఏడు స్పీడ్ షిఫ్టర్‌తో నిక్షేపంగా నడుపుకోవచ్చు.

ఈ సౌలభ్యం 10 స్పీడ్ దగ్గర ఆగిపోతుంది. షిమానో మౌంటెన్ బైక్ 10 స్పీడ్ డెరైలర్లలో నిష్పత్తి సుమారు 1.2కు తగ్గింది. దానికి 9 స్పీడ్ షిఫ్టర్ కలిపితే 2.5 మిల్లీమీటర్ల లాగుడుకు చైన్ మూడు మిల్లీమీటర్లే జరిగి, రెండు చక్రాల మధ్య ఊగిసలాడుతుంది. ఎంత సవరించినా అది కుదిరేది కాదు. 'షిమానో డియోర్ పెద్ద మోడల్ కదా, ఇంకా బాగుంటుంది' అని 10 స్పీడ్ డెరైలర్ కొనేవారు ఇక్కడే దెబ్బతింటారు. 2023లో వచ్చిన షిమానో క్యూస్ వరుస మరింత తికమక పెడుతుంది: దానిలోనూ 9 స్పీడ్ ఉంది, కానీ దాని చక్రాల దూరమూ కేబుల్ లాగుడూ పాత 9 స్పీడ్‌వి కావు. స్రామ్ అనే మరో కంపెనీ వారి లెక్క పూర్తిగా వేరు. నా అభిప్రాయంలో 21 గేర్ల సైకిల్‌కు సరైన గమ్యం పాత షిమానో 9 స్పీడే. అంతకంటే పైకి పోవాలంటే ఆ డబ్బుకు మరో సైకిల్ గురించి ఆలోచించడం మేలు.

కొనుగోలుకు ముందు సైకిల్‌ను ఒకసారి తిరగేసి చూడాలి. వెనక చక్రం విప్పి, పళ్లచక్రాలను చేత్తో వెనక్కి తిప్పుతూ, వాటి నడిమధ్యన పనిముట్టు దిగే గాళ్లను (గాడులను) గమనించాలి. పళ్లతోపాటు ఆ గాళ్లు కూడా తిరిగితే అది క్యాసెట్. పళ్లు తిరుగుతున్నా గాళ్లు కదలకుండా ఉంటే అది మర మీద బిగించిన ఫ్రీవీల్. అలాగే డెరైలర్ ఫ్రేముకే ఉన్న చెవిలో బిగించి ఉందా, లేక ఇరుసు నట్టు కింద పెట్టిన విడి రేకుకు వేలాడుతోందా అన్నది చూడాలి. అలివియో వంటివి చెవి ఉన్న ఫ్రేముకే నేరుగా బిగుస్తాయి. ఆ చెవి లోపలికి వంగి ఉంటే ఎంత మంచి డెరైలర్ పెట్టినా గేర్లు పడవు. ముందు దాన్ని సరిచేయించాలి. క్రాంక్ (పెడళ్లు బిగించే చేతులు, ముందు రింగులు ఉన్న భాగం) విషయంలో, రింగులు బోల్టులతో ఉన్నాయా, రివెట్లతో శాశ్వతంగా బిగించి ఉన్నాయా అన్నది చూసుకుంటే చాలు.

మొదటి దశలో కేబుళ్లు మార్చండి. తీరానికి దగ్గరగా నడిచే సైకిళ్లలో, ముఖ్యంగా భోగాపురం, చింతపల్లి, కళింగపట్నం వైపు, ఉప్పుగాలికి కేబుల్ తొడుగు లోపల తుప్పు పట్టి గేర్లు ఆలస్యంగా పడుతుంటాయి. చాలామంది ఆ తప్పును డెరైలర్ మీద వేస్తారు. గేర్లకు 1.2 మిల్లీమీటర్ల లోపలి తీగ, దానికి తగిన 4 మిల్లీమీటర్ల గేర్ తొడుగు తీసుకోవాలి. షాపులో బ్రేకు తొడుగే ఇస్తే వద్దనండి. అందులోని చుట్ట తీగ ఒత్తిడికి కుంచించుకుపోతుంది కనుక ఒక్కో అడుగు లెక్క తప్పుతుంది.

రెండో దశ డెరైలర్. 9 స్పీడ్ అలివియో ఎం3100, ఆల్టస్ ఎం2000 రెండూ వెనక 36 పళ్ల వరకు తీసుకుంటాయి, వాటి మొత్తం సామర్థ్యం 45 పళ్లు. సామర్థ్యం అంటే ముందు పెద్ద, చిన్న రింగుల తేడాకు వెనక పెద్ద, చిన్న చక్రాల తేడాను కలిపిన సంఖ్య. ముందు 42-34-24, వెనక 11-36 అనుకుంటే 18, 25 కలిపి 43 అవుతుంది, కాబట్టి సరిపోతుంది. ముందు 48-38-28 ఉంటే 20, 25 కలిపి సరిగ్గా 45, అది కూడా అంచున సరిపోతుంది. ఈ దశలో గేర్ల సంఖ్య మారదు గానీ, అరిగి వదులైన టోర్నీ స్థానంలో కొత్త డెరైలర్ పడగానే గేరు మారడంలో తేడా తెలుస్తుంది.

మూడో దశలో సైకిల్ వెనక చక్రం వస్తుంది, ఎక్కువ ఖర్చు దీనికే. ఫ్రీవీల్ బిగించే హబ్‌లో (చక్రం నడిమి భాగంలో) కుడివైపు బేరింగ్ ఫ్రీవీల్‌కు లోపల, ఇరుసు చివరకు దూరంగా ఉంటుంది. గుంటల రోడ్డు మీద బరువంతా ఆధారం లేని ఆ ఇరుసు ముక్క మీద పడి, అది వంగడమో విరగడమో జరుగుతుంది. క్యాసెట్ ఎక్కించే ఫ్రీహబ్‌లో బేరింగ్ చివరకు జరిగి ఉంటుంది కనుక ఈ బాధ తగ్గుతుంది. 135 మిల్లీమీటర్ల వెడల్పు, 8/9/10 స్పీడ్ షిమానో హెచ్‌జీ ఫ్రీహబ్ అని స్పష్టంగా అడగండి. పాత రిమ్మునే వాడుకోవాలంటే హబ్ రంధ్రాల సంఖ్య రిమ్ముతో కలవాలి, 36కు 36, 32కు 32. చువ్వల పొడవు కొత్త హబ్‌ను బట్టి మారుతుంది. పాత చువ్వలే సరిపోతాయని ఊహించవద్దు. డిస్క్ బ్రేకు ఉంటే పాత డిస్కు ఆరు బోల్టులదైతే హబ్ కూడా ఆరు బోల్టులదే కావాలి. చక్రం కట్టించి బెండ్ తీయించే పనిని చేయి తిరిగిన మెకానిక్‌కే అప్పగించాలి. ఈలోగా షిఫ్టర్‌కు డబ్బు సమకూరకపోతే, అదే ఫ్రీహబ్ మీద 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ వేసి ఏడు స్పీడ్ క్యాసెట్ బిగించి నడపవచ్చు. అయితే పాత ఇరుసు ఇప్పటికే విరిగితే తప్ప, చక్రం కొనడాన్ని నాలుగో దశ దాకా ఆపడమే చవక.

నాలుగో దశలో షిఫ్టర్, క్యాసెట్, చైన్ మూడింటినీ కలిపి కొనాలి. వీటిలో ఏ ఒక్కటి పాతది మిగిలినా పని నడవదు. ఉదాహరణకు పాత 7, 8 స్పీడ్ చైన్ వెడల్పు ఎక్కువ కనుక 9 స్పీడ్ క్యాసెట్‌లో పక్క చక్రానికి రాసుకుంటుంది. మీ హ్యాండిల్ మీద గేరు మీట, బ్రేకు మీట ఒకే ముక్కగా ఉంటే కుడివైపు బ్రేకు మీట కూడా విడిగా కొనవలసి వస్తుంది. ఎడమ షిఫ్టర్‌కు ముందున్న మూడు రింగులతోనే పని కాబట్టి అది ఉన్నట్టే ఉండవచ్చు. క్యాసెట్‌ను 40 న్యూటన్ మీటర్లకు బిగించాక, చైన్‌ను డెరైలర్‌లోంచి కాకుండా ముందు పెద్ద రింగు, వెనక పెద్ద చక్రం మీదుగా నేరుగా చుట్టి, చివరలు కలిసే చోటుకు ఒక అంగుళం, అంటే రెండు లింకులు, అదనంగా ఉంచి తెంపాలి. ఇది కురచైతే పెద్ద రింగు, పెద్ద చక్రం కలిసిన క్షణాన డెరైలర్ చెవితో సహా విరుగుతుంది.

సవరణ ఇలా చేయండి. కేబుల్ బిగించకముందే, చిన్న చక్రం దగ్గర డెరైలర్ పై పుల్లీ ఆ చక్రం బయటి అంచుకు సూటిగా ఉండేలా డెరైలర్ మీది హెచ్ స్క్రూ తిప్పాలి. తర్వాత డెరైలర్‌ను చేత్తో లోపలికి నెట్టి, పుల్లీ పెద్ద చక్రం కిందికి వచ్చి చువ్వల వైపు పోకుండా ఆగేలా ఎల్ స్క్రూ తిప్పాలి. షిఫ్టర్‌ను చివరి గేరుకు (చిన్న చక్రానికి) వదిలి, కేబుల్ లాగి బిగించాలి. ఒక్క అడుగు వేసి చైన్‌ను చిన్న చక్రం నుంచి రెండో చక్రం మీదికి తెచ్చి, పెడల్ తిప్పుతూనే, కేబుల్ బిగువును సవరించే బ్యారెల్‌ను నెమ్మదిగా అపసవ్యంగా తిప్పుతూ పోతే, ఒక చోట చైన్ మూడో చక్రాన్ని తాకి గరగరమంటుంది. ఆ శబ్దం ఆగేంత మేరకే వెనక్కి తిప్పాలి. ఇక చైన్‌ను ముందు చిన్న రింగు, వెనక పెద్ద చక్రం మీద పెట్టి, పుల్లీ పళ్లు చక్రానికి తగలకుండా కొద్దిపాటి ఖాళీ ఉండేలా బీ స్క్రూ సవరించాలి.

క్రాంక్‌ను చివరికి వదిలేయడానికి కారణం ఉంది: పాత మూడు రింగుల మీద 9 స్పీడ్ చైన్ సాధారణంగా ఇబ్బంది లేకుండానే నడుస్తుంది. ముందు ఒక్క రింగే ఉంచే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది గానీ, 32 రింగుకు వెనక 36 కలిపితే నిష్పత్తి 0.89, అదే మూడు రింగుల్లోని 24తో 0.67. ఘాట్ ఎక్కేవారికి ఆ తేడా మోకాళ్లలోనే తెలుస్తుంది. క్రాంక్ మార్చేటప్పుడు బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు తిరిగే భాగం) కుడివైపు కప్పుది ఎడమ మర, అంటే అపసవ్యంగా బిగిసేది అనీ, ఎడమ పెడల్‌దీ అంతేననీ గుర్తుంచుకోవాలి.

చైన్ అరుగుదలను ఉక్కు స్కేలుతోనే కొలవవచ్చు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, కొత్త చైన్‌లో దాని తర్వాత లెక్కిస్తే వచ్చే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అది అంగుళంలో పదహారో వంతు దాటగానే చైన్ మార్చేయాలి. ఎనిమిదో వంతు దాకా సాగనిస్తే క్యాసెట్ కూడా కొనక తప్పదు.