మూడు జన్యువుల్లో మధ్యది ఏది? పండ్ల ఈగ డ్రోసోఫిలాతో తేల్చే పద్ధతి

జన్యువుల వరుస, దూరం ఒకే సంకరణంతో తేలాలంటే మూడింటిని కలిపి చూడాలి. రెండింటినే తీసుకుంటే వాటి మధ్య రెండుసార్లు జరిగిన వినిమయం (జంట క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) కనపడదు, దూరం తగ్గి వస్తుంది.

ఎక్స్ క్రోమోజోమ్ మీది ఈ మూడూ సులువుగా పోల్చుకోవచ్చు: క్రాస్‌వెయిన్‌లెస్‌లో రెక్కకు అడ్డ ఈనెలు ఉండవు, కట్‌లో రెక్క అంచు కొరికినట్టుంటుంది, వెర్మిలియన్‌లో కన్ను నిగనిగలాడే ఎరుపు. 1913లో జన్యుశాస్త్రవేత్త స్టర్టెవాంట్ గీసిన తొలి జన్యుపటంలోనూ వెర్మిలియన్ ఉంది.

మూడు లక్షణాలూ ఉన్న కన్య (ఇంకా మగదానితో కలవని ఆడ) ఈగలను మామూలు మగవాటితో కలపండి. 25 డిగ్రీల దగ్గర, ప్యూపా నుంచి బయటికొచ్చిన 8 గంటల్లోపే కన్యల్ని ఏరాలి. మొదటి తరంలో ఆడవన్నీ సంకరాలు (ప్రతి జన్యువుకూ ఒక మామూలు రూపం, ఒక మారిన రూపం ఉన్నవి), మగవన్నీ మూడు లక్షణాలవే. వాటినే ఒకదానితో ఒకటి కలిపితే పరీక్షా సంకరణం (సంకరాన్ని మూడు లక్షణాల ఈగతో కలపడం) అయిపోతుంది, మళ్లీ కన్యల్ని ఏరే పని లేదు. మగ డ్రోసోఫిలాలో వినిమయం జరగదు కాబట్టి సంకరం ఆడదే కావాలి.

ఏడో రోజున పెద్ద ఈగల్ని తీసేయండి. పదో రోజు నుంచి పద్దెనిమిదో రోజు వరకే లెక్కించండి, ఆ తర్వాత మనవలు కలిసిపోతాయి. అప్పుడే బయటికొచ్చిన ఈగ రెక్కలు ముడుచుకునే ఉంటాయి, అవి విచ్చుకున్నాకే చూడండి.

వెయ్యి ఈగల్లో ఇలా వచ్చాయనుకుందాం: మామూలువి, మూడు లక్షణాలవి కలిపి 812, క్రాస్‌వెయిన్‌లెస్ ఒక్కటే, లేదా కట్-వెర్మిలియన్ జంటగా 59, వెర్మిలియన్ ఒక్కటే, లేదా మిగతా రెండూ 125, కట్ ఒక్కటే, లేదా మిగతా రెండూ 4.

ముందు మధ్యది తేల్చండి. అతి తక్కువగా వచ్చిన గుంపును అతి ఎక్కువగా వచ్చినదానితో పోల్చితే చోటు మారినది కట్ ఒక్కటే, కనుక మధ్యది అదే. ఆ 4 ఈగల్లో కట్‌కు రెండు వైపులా వినిమయం జరిగింది కాబట్టి వాటిని రెండు వైపులా కలపాలి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. క్రాస్‌వెయిన్‌లెస్ నుంచి కట్‌కు 59+4, అంటే 6.3 సెంటిమోర్గాన్లు (నూటికి ఒక వినిమయ ఈగ వస్తే ఒకటి), కట్ నుంచి వెర్మిలియన్‌కు 125+4, అంటే 12.9. మొత్తం 19.2. ప్రామాణిక పటంలో వీటి స్థానాలు 13.7, 20.0, 33.0.

జంట వినిమయాలు 0.063×0.129×1000, అంటే సుమారు 8 రావాలి. వచ్చినవి 4. ఒక వినిమయం పక్కనే మరొకదాన్ని అడ్డుకుంటోందన్నమాట, ఆ అడ్డు దాదాపు సగం.

ఎదురెదురు గుంపులు (మామూలువి-మూడు లక్షణాలవి, కట్ ఒక్కటే-మిగతా రెండూ లాంటివి) ఇంచుమించు సమానంగా లేకపోతే ఆ లెక్కను నమ్మకండి. సీసా కిక్కిరిస్తే మూడు లక్షణాల ఈగలు ముందు చస్తాయి. సీసాకు తక్కువ జంటల్ని వేసి మళ్లీ చేయండి.